పాచిక వేయనివ్వని శనివారం

అన్నయ్యకి,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం వదినకి చూపించకు. చూపిస్తే ఆవిడ ఏడుస్తుంది, ఆవిడ ఏడిస్తే నేను మెత్తబడతాను. ఇప్పుడు నాకు మెత్తబడే ఉద్దేశం లేదు.

వచ్చే శనివారం మీ ఇంటికి ఆటకి రావడం లేదు. ఆ పై శనివారం కూడా రాను. ఒంట్లో బాగాలేక కాదు. నువ్వు నన్ను చంపేశావు కాబట్టి.

కళ్లు పోయి ఆసుపత్రి నుంచి వచ్చాక నేను మీ బల్ల దగ్గర కూర్చున్న మొదటి రోజది. ఏళ్ల తరబడి మనం ఆడుతున్న ఆటే. ఆ కథలో లోకం కూలిపోయింది, మిగిలిన గుప్పెడు మనుషుల్లో మేం తలా ఒకరం, కథ నడిపేది నువ్వు. ఆటలో నా మనిషి పేరు స్పానర్. పాడుబడ్డ పంపులు బాగుచేసి జనానికి నీళ్లిచ్చే మొండి ఘటం. ఆట మొదలవుతూనే నా చెయ్యి తగిలి టీ ఒలికింది. వదిన తుడిచింది. అంతలోనే నువ్వు ఆనకట్ట తెగిందన్నావు. అందరూ తప్పించుకునేదాకా స్పానర్ ఒక్కతే గేటు పట్టుకుని నిలబడిందన్నావు. నీళ్లు ఆమెను తీసుకుపోయాయన్నావు. చెప్పడం మాత్రం ఎంత బాగా చెప్పావో. ప్రతిదానికీ వాదించే మన నసగాడు కూడా నోరు మూసుకున్నాడు. ఆటలో లెక్కలు రాసే మన లెక్కలాయన ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత వదిన నన్ను సోఫాలో కూర్చోబెట్టి, "ఇక్కడ హాయిగా కూర్చుని విను తల్లీ, ఈ మ్యాపులూ అవీ నీకెందుకు శ్రమ" అంది. నేను బిస్కట్ తిన్నాను. థాంక్స్ కూడా చెప్పాను. ఇంటికొచ్చి కుమిలి కుమిలి ఏడ్చాను.

ఒక్క పాచిక కూడా వేయనివ్వలేదు అన్నయ్యా. మన బల్ల మీద ఎవరు చావాలన్నా పాచిక పడాలి. నసగాడు పందెం కాసి కొండ మీంచి దూకినప్పుడు కూడా బతికే దారి వెతుకుతూ మళ్లీ మళ్లీ వేయించావు. నాకు మాత్రం సన్మానం చేసి సాగనంపావు.

అసలు ఇలాంటి ఆటలో ఏం బాగుండాలి? లోకం ఎలా పోయిందో ఎవడైనా చెబుతాడు. దానికి ఒక పేజీ చాలు. మంచి ఆట ఆ మర్నాడు పొద్దున మొదలవుతుంది. మొహం కడుక్కోవాలి, నీళ్లు లేవు. బావి పక్కవాడి దొడ్లో ఉంది, వాడితో నీకు మాటల్లేవు. అక్కడుంది ఆట. నేను రోజంతా నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తుతాను కదా, కుళాయి ఆగిపోయిన ఇంట్లో మనుషులు రాక్షసుల గురించి మాట్లాడరు. పక్కింటి మోటారు గురించి మాట్లాడతారు. పోయినదాని కోసం ఏడవడానికి ఆటలో చోటుండాలి, ఏడ్చాక చేయడానికి పని కూడా ఉండాలి. మీరు వారం వారం మిగిలినదాంతో బతకడం ఎలాగో ఆడుకుంటారు. నిజంగా అలా బతికే మనిషి వచ్చి పక్కన కూర్చుంటే మాత్రం మీకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అందుకే నేనే ఒక ఆట రాశాను. అందులో మ్యాపు ఉండదు. దారి నోటితో చెప్పాలి, విన్నవాళ్లు గుర్తుంచుకోవాలి. పాచికల మీద చుక్కలు గుంటలుగా ఉంటాయి, వేలికి తెలుస్తాయి. ఎవరి చావూ పక్కవాళ్ల జాలితో తేలదు. ఆదివారం మధ్యాహ్నం, మా ఇంట్లో. దమ్ముంటే రా.

నీ చెల్లెలు
(బతికే ఉంది)

*

చెల్లాయ్,

ఉత్తరం వదినకి చూపించలేదు. నా భుజం మీంచి ఆవిడే చదివేసింది. ఏడవలేదు, నన్ను తిట్టింది.

నేను మాత్రం తప్పు చేశాననుకోవడం లేదు. ఆ టీ ఒలికినప్పుడు మీ వదిన తప్ప అందరూ చూడనట్టు నటించారు. నువ్వు పాచిక కోసం బల్లంతా తడుముకుంటున్నావు. వారం వారం అది చూస్తూ కథ చెప్పడం నా వల్ల కాదనిపించింది. పోయేదేదో గొప్పగా పోనీ అని అప్పటికప్పుడు ఆనకట్ట తెంచేశాను.

మ్యాపు లేకుండా ఆటేమిటో నాకర్థం కాలేదు. ఆదివారం అందరం వస్తాం. నేను వచ్చేది తప్పులు పట్టడానికే.

అన్నయ్య

*

అన్నయ్యకి,

నీ ఉత్తరాలు నాకు ఫోనే చదివి వినిపిస్తుంది కదా, దాని గొంతులో నువ్వు రైల్వే అనౌన్సుమెంటులా ఉంటావు. అందుకని "నా వల్ల కాదనిపించింది" అన్న ముక్క మళ్లీ పెట్టుకుని విన్నాను. అప్పుడూ కోపమే వచ్చింది.

నిన్న వచ్చిన దగ్గర్నుంచీ తప్పులు పడుతూనే ఉన్నావు. "ఇప్పుడు మేం ఎక్కడున్నామే" అని నువ్వు అడగడం, లెక్కలాయన దారంతా అప్పజెప్పడం. ఆటలో సొరంగం కూలేసరికి నీ అసలు బుద్ధి బయటపడింది. "మీరు పొండి, దూలం నేను పట్టుకుంటా" అన్నావు. గొంతు కూడా మార్చావు. నిజం చెప్పనా, నాకూ ఆశ పుట్టింది. ఒక్క మాటతో నిన్ను అందంగా చంపేయచ్చు, అందరూ ముక్కులు చీదుతారు, నా కసీ తీరుతుంది. నీకు ఆ రోజు ఎంత సులువనిపించి ఉంటుందో అప్పుడు తెలిసింది.

"వెయ్యి" అన్నాను.

"ఎందుకే, పోతానంటున్నాగా."

"వెయ్యి అన్నయ్యా."

వేశావు. ఎంత పడిందో నువ్వు చెప్పేలోపే బల్ల మీద తడిమి పాచికని పట్టుకున్నాను. దారిలో టీ కప్పు తగిలి ఒలికింది. ఈసారి ఎవరూ చూడనట్టు నటించలేదు. "నా ప్యాంటు" అని నసగాడు లేచి గంతులేశాడు. వేలికి ఒక్కటే గుంట తగిలింది. నా ఆటలో ఒకటి పడితే చావు కాదు, ఏదో ఒకటి పోగొట్టుకుని బతకాలి. దూలం విరిగిందని, నీ కుడిచెయ్యి పోయిందని, ప్రాణం మాత్రం పోలేదని చెప్పాను. ఇప్పుడేం చేస్తావని అడిగాను.

"తెలీదే" అన్నావు నువ్వు. తర్వాత, "ఎడం చేత్తో తాడు పట్టుకోవచ్చా?" అని అడిగావు. ఆ గొంతు నువ్వు మార్చింది కాదు, నీదే.

శనివారం వస్తున్నాను. కోపం తగ్గి కాదు. స్పానర్‌ని నీళ్లు తీసుకుపోయాయని నువ్వు అన్నావు, పాచిక మాత్రం ఇంకా పడలేదు. సోఫా నాకొద్దు, బల్ల దగ్గర నా కుర్చీ నాకుంచు. మ్యాపు చింపక్కర్లేదు, నోటితో చెప్పు. ఆనకట్ట గేటు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టు. ఒకటి పడితే ఒకటే, చావాల్సి వస్తే చస్తాను. వేసేది మాత్రం నేను.

నీ చెల్లెలు