బ్యాటరీ గూడు

ఏమండీ,

కొట్లో అర్జీలు కొట్టే మీ కంప్యూటర్ బాగైంది. మీరుంటే ముందు దాని సంగతే అడుగుతారని అదే రాస్తున్నాను.

లోపల తేదీని, సెట్టింగులను నిలిపే గుండ్రటి బ్యాటరీని పట్టి ఉంచే ప్లాస్టిక్ గూడు విరిగిపోయింది. ఈ కొండ మీద చింతపల్లి కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటర్లో తేదీ మీరు దాన్ని కొన్న ఏడాదికి వెళ్లిపోయేది. నేను తేదీ దిద్దేదాన్ని. నిన్న సెట్టింగులూ చెరిగిపోయి, హార్డ్ డిస్కే లేదని మొరాయించింది.

మీ సంవత్సరీకానికి వచ్చిన మా అన్నయ్య అదే పట్టుకున్నాడు. "సచ్చిన పెట్టితో ఈ చలిలో ఏటి సేత్తావే? కొట్టు మూసీసి నాతో నర్సీపట్నం వచ్చీ" అన్నాడు. ప్రాణం లేచొచ్చిందండీ. మీ కొట్టు నా అంతట నేను మూయలేను. దానంతటదే మూతపడితే ఎవరేమంటారు? బట్టలు సర్దుకున్నాను.

ఇంతలో కాఫీ తోటల సోమన్న వచ్చాడు.

"మా గుంటకి హాస్టల్లో సీటుకి అర్జీ కొట్టాలమ్మా. అయ్యగారుంటే లేదనీవోరు కాదు."

సంచీ పక్కన పెట్టి మీ సోల్డరింగ్ ఐరన్ వేడిచేశాను. మీరు అతికిస్తుంటే టార్చి పట్టుకున్నదాన్నే కదా. బోర్డు మీద మిగిలిన గూడు కాళ్లకు రెండు తీగలు అతికించి, వాటి కొసల్ని సైకిల్ ట్యూబు ముక్కతో బ్యాటరీకి బిగించాను. చూస్తే తిట్టేవారు. సెట్టింగులు పెట్టి, మెయిన్ ఆపి మళ్లీ వేశాను. తేదీ చెదరలేదు.

సోమన్న అర్జీ పట్టుకుని వెళ్లాడు. అన్నయ్య ఒక్కడే జీపెక్కాడు.

కొండ దిగడానికి నాకున్న ఒక్క సాకునూ నా చేత్తోనే బాగుచేసేశానండీ.