మీ ఫ్లాస్కు

ఏమండీ,

మీరు పోయి నిన్నటికి ఏడాది. మంత్రుల టీ తాగితే ప్రశ్న అడగడానికి నోరు రాదని, ప్రెస్‌మీట్లకు ఇంటి నుంచే ఫ్లాస్కులో టీ తీసుకెళ్లేవారు కదా. మీ దగ్గర పని నేర్చుకున్న శ్రీను మీ పేరున అవార్డు పెట్టించి, నిన్న సభలో మంత్రి చేతుల మీదుగా తనే అందుకున్నాడు. సికింద్రాబాద్ విలేకరులంతా వచ్చారు. మంత్రితో సెల్ఫీలకు తోసుకున్నారు. ఒక్కరి చేతిలోనూ పెన్ను లేదు.

"మేడమ్, మంత్రి సార్ మనోడే. జెర నాలుగు మంచి మాటలు చెప్పుండ్రి" అని శ్రీను నాకు మైకు ఇచ్చాడు.

"లాలాగూడలో నేను పాఠాలు చెప్పే బడి కప్పు కూలి రెండేళ్లయింది. ఎప్పుడు వేయిస్తారు సార్?" అని అడిగాను.

మంత్రి నవ్వి దండం పెట్టాడు. శ్రీను మైకు లాక్కుని, "మేడమ్ ఎమోషనల్ అయిండ్రు" అన్నాడు. అందరికీ టీ వచ్చింది. నేను సంచిలోంచి మీ ఫ్లాస్కు తీసి, స్టేజీ మీదే మన టీ తాగాను.

ఇవాళ పొద్దున శ్రీను తన పేపర్లో నా ఫొటో వేసి, పైన హెడ్డింగు పెట్టాడు: 'మంత్రికి కన్నీళ్లతో కృతజ్ఞతలు చెప్పిన జర్నలిస్టు భార్య'.

హెడ్డింగు చక్కగా కుదిరింది. పని బాగానే నేర్పారు.

ఫ్లాస్కు కడిగి, ఆ పేజీ మీదే బోర్లించాను.

మీ సుజాత