పులి గొంతులో ముల్లు

ఏవండీ, చేపల వేట నుంచి రాగానే ఇది చదవండి. మన పులి పొద్దున్న చచ్చిపోయింది. కుక్కే కదా అని చేత్తో ముట్టుకోకండి. గోనెపట్టాలో చుట్టి గట్టవతల లోతుగా పాతెయ్యండి. అది తిన్న మూకుడూ అందులోనే వెయ్యండి.

కుక్కకూనలు రెండింటినీ అది నిన్న కరిచింది. వేరువేరు గుంజలకి కట్టాను, ఎంత ఏడ్చినా విప్పకండి. పులిని నక్క కరిచినప్పుడు పశువుల డాక్టరుగారు ఆర్నెల్లు కట్టి ఉంచమంటే, మీరు వారానికే "నోరులేని జీవం" అని విప్పేశారు. నా మాట వినలేదు.

పిచ్చికుక్కల సంగతి ఎరిగిన మన పాస్టరుగారు వచ్చి చూశారు. దాని గొంతులో చేపముల్లేమీ లేదటండీ. ఆ చొంగా, ఆ వేలాడిన దవడా పిచ్చి లక్షణాలేనట. మన ఇళ్ళల్లో ఎవరు దగ్గినా ముందు ముల్లే తోస్తుంది కదా. మొన్న నేను దాని నోరు తెరిచి పట్టుకున్నప్పుడు పళ్ళు గీసుకున్నాయి. అందుకే ఏలూరు ఆస్పత్రికి పడవెక్కుతున్నాను. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులట. భయంగానే ఉంది.

అన్నం ఉట్టి మీద ఉంది.

యేసమ్మ

అన్నానికి ఆగకండి. ఆ పనులన్నీ బావగారికి ఒప్పజెప్పి మీరూ వెంటనే పడవెక్కండి. ముల్లు కోసం గొంతులోకి చెయ్యి పెట్టింది మీరు. మీ వేళ్ళ నిండా వలతాడు కోతలే కదండీ.