ఆ గోడకు సున్నం వేయనివ్వకండి

ఏమండీ,

డ్యూటీ దిగి రాగానే అన్నం తినండి, పొయ్యి పక్కన మూతపెట్టాను. తర్వాత తలుపు గడియ పెట్టుకుని పడుకోండి. ఇంటి ఓనరు సున్నం వేసే మనిషిని పంపుతానన్నాడు. అతన్ని లోపలికి రానివ్వకండి. మీ మొహమాటం ఈ ఒక్క పూటకి కట్టిపెట్టండి. మంచినీళ్ళిచ్చినా కూర్చుంటాడు, కూర్చుంటే మీరు కాదనలేరు.

పాప మంచం పక్కన గోడకి పట్టిన నల్లటి బూజు అలాగే ఉండాలి. సాయంత్రం ఆస్పత్రి డాక్టరమ్మ వస్తోంది. పాప ఊపిరితిత్తులు ఎందుకలా పాడయ్యాయో తెలియాలంటే ఇల్లు చూడాలంది. ఆ సంగతి విన్నాకే ఓనరుకి మన గోడ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. "తెల్లగా ఉంటే మీ మనసుకీ కాస్త బాగుంటుంది టీచరమ్మా" అన్నాడు. రెండు వానాకాలాలు చెమ్మ దిగుతోందని మొత్తుకుంటే, "కిటికీ తెరిచి పెట్టుకోండమ్మా" అన్నది ఈయనే. ఈ గదికి కిటికీ ఎక్కడ పెట్టించాడో ఆయనే వచ్చి చూపించాలి.

మన పాప ఇక రాదు. కానీ ఆ గోడకి అటువైపు దర్జీ వాళ్ళున్నారు. వాళ్ళ పసిబిడ్డ దగ్గు నాకు ఇక్కడికి వినిపిస్తోంది. డాక్టరమ్మని అక్కడికీ తీసుకెళ్ళండి. బడి నుంచి నేను రావడం ఆలస్యమైతే నాకోసం ఆగకండి.

ఇంకొక్క మాట. ఆవిడ ముందు "అంతా మా రాత" అనకండి. నిన్న ఓనరుతో అన్నారు. ఆ మాట వినగానే ఆయన మొహం ఎంత తేలికపడిందో నేను చూశాను.