నువ్వు వెనక్కి తీసుకోలేదు

అమ్మా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ ఫోన్ డ్రాయర్లో ఆగిపోయి ఉంది. అయినా మెసేజ్ పెడుతున్నా.

పొద్దున నేనూ రూతాంటీ సర్రీలో మన లాయర్ గారి దగ్గరికెళ్లాం. ఆయన గవర్నమెంట్ లెక్కలు చూపించాడు. సొంత దేశం తిరిగెళ్తే ప్రమాదం, ఇక్కడే ఉండనివ్వండని అసైలమ్ అప్లై చేసినోళ్లవి అన్నీ ఉన్నాయి. ఒప్పుకున్నవి ఒక కాలమ్, కొట్టేసినవి ఒకటి, అప్లై చేసినోళ్లే వెనక్కి తీసుకున్నవి ఒకటి.

"మా అమ్మ ఎందులో ఉందాంటీ?" అన్నా.

ఆంటీ ఆయన్ని ఇంగ్లీష్‌లో అడిగి నాకు తెలుగులో చెప్పింది. "వెనక్కి తీసుకున్నవాటిలోరా. చనిపోయినోళ్లకి వేరే కాలమ్ లేదంట."

నువ్వెప్పుడు తీసుకున్నావమ్మా? జడ్జి ముందు నీ హియరింగ్ రెండుసార్లు వాయిదా వేసింది ఆ గవర్నమెంటోళ్లే. నువ్వు హాస్పిటల్ బెడ్ మీద కూడా ప్రాక్టీస్ చేశావు. నన్ను జడ్జిలా ప్రశ్నలడగమనేదానివి. "ఇండియాకి ఎందుకు తిరిగెళ్లలేవు?" అని మెల్లగా అడిగితే, "గట్టిగా అడగరా, జడ్జిలు నీలా గొణగరు" అని తిట్టేదానివి.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి, ఆ లాయరే గవర్నమెంట్ అన్నట్టు అడిగేశా. "మా అమ్మ వెనక్కి తీసుకోలేదు. మీరు లేట్ చేస్తే చచ్చిపోయింది. అది ఏ కాలమ్‌లో రాస్తారు?"

ఇంగ్లీష్ రాక తెలుగులోనే అడిగా. అక్కడ ఆంటీకి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. కానీ గొణగలేదమ్మా.