ఏ నమూనా అని అడిగారు

రారోటొంగా,
గురువారం

అత్తయ్యకు మీ అల్లుడు నూరోవా నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ కోళ్లూ కులాసా. అక్కడ అతియు దీవిలో మీ మోకాలు మిమ్మల్ని చర్చి వరకైనా నడవనిస్తోందని తలుస్తాను.

రేపటి పోటీకి వెళ్లే తివైవై దుప్పటి ఈ రోజు పూర్తయింది. పొద్దున ప్రార్థన కాగానే టూఆయినే అక్క తన కుట్టు బృందాన్ని వెంటబెట్టుకుని మన ఇంటికి వచ్చింది. వరండాలో చాపలు పరిచి, గుడ్డను మధ్యలో వేసి, చుట్టూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఒక్క ఆకు మిగిలింది. అది నేను కుడతానన్నాను.

“నువ్వా?” అంది అక్క. “వాన రాదని రేడియోలో చెప్పి మా బట్టలన్నీ తడిపేది నువ్వే కదా! నీ కుట్టు నిలుస్తుందా?”

“ఒక్క ఆకేగా అక్కా.”

కాసేపు చూసి ఊరుకోలేకపోయింది. “ఇవి కుట్లా, కోడి నడిచిన అడుగులా? రేపు బహుమతి ఇచ్చేవాళ్లు కళ్లజోళ్లు మర్చిపోయి రావాలని మొక్కుకోండమ్మా!”

నేనూ నవ్వాను. చివరి ముడి ఆమే వేసింది. కొబ్బరిపాలలో నానేసిన చేపా, చేమదుంపలూ తిన్నాం. వెళ్లబోతూ అక్క నా చేయి పట్టుకుంది.

“పోయే ముందు పెళ్లాం అడిగిందని ఇంత చేసే మొగుణ్ణి నేను చూళ్లేదు తమ్ముడూ. మా ఆయనైతే నేను కుట్టినవన్నీ పడవ తుడవడానికి వాడేస్తాడు.”

అందరూ నవ్వారు. నేను గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

మీరు అడిగినవాటికి జవాబులు. కాఫీ గింజలు అందాయి. వంట నేనే చేసుకుంటున్నాను, ఉప్పు ఎక్కువవుతోంది. తెపాయేరు సమాధికి సున్నం వేయించాను. మన వాకిట్లోనే కాబట్టి ఇదివరకు ఆఫీసుకు వెళ్తూ ఆమెకు ఒక మాట చెప్పి వెళ్లేవాణ్ణి. ఇప్పుడు పెరటి దారిన వెళ్తున్నాను.

పోటీకి పెడుతున్నది ఏ నమూనా అని అడిగారు. సీమపనస ఆకులు. ఎరుపు మీద తెలుపు. మీరు కత్తిరించి మీ కూతురికి పంపినదే.

దాన్ని ఆమెకు చుట్టి సాగనంపామని మీకు రాశాను. అది అబద్ధం. తుఫానుకు విమానాలు ఆగిపోయి మీరు రాలేకపోయారు కాబట్టి ఆ అబద్ధం నిలిచింది.

ఆసుపత్రిలో ఆమె నాతో అంది: “పూర్తి కాకపోయినా పర్లేదు. అమ్మ కత్తిరించింది. అదే చుట్టి పంపించు.” సరేనన్నాను. ఆమె పోయిన రోజు టూఆయినే అక్క దాన్ని తెమ్మంది. పెట్టె తెరిచాను. తెపాయేరు ఆపిన చోట సూది గుచ్చే ఉంది. దాన్ని మట్టిలోకి పంపడానికి చేతులు రాలేదు. బయటికి వచ్చి, “పూర్తి చేసి పోటీకి పెట్టమంది” అన్నాను. పోయిన మనిషి పేరు చెప్పాక ఎవరు కాదంటారు?

అక్క వెంటనే ఇంటికి వెళ్లి తన పెట్టెలోంచి ఒక తివైవై తెచ్చి తెపాయేరుకు చుట్టింది. తన చావు కోసం దాచుకున్నది అది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. పక్కనే నిలబడి చూశాను. తర్వాత ఆ ఆడవాళ్లంతా తెపాయేరు ఆఖరి కోరిక అనుకుని, తమ పనులు మానుకుని వచ్చి కుట్టారు. ఆ సూదిని మాత్రం నేను తీసి దాచుకున్నాను.

ఎంత అందంగా వచ్చిందో రాయాలని ఉంది. రాసే అర్హత లేదు.

దాన్ని టూఆయినే అక్కకు ఇవ్వాలని నాకు అనిపిస్తోంది. కానీ మీ చేతి పని మీద మిమ్మల్ని అడగకుండా ఇంకోసారి నిర్ణయం తీసుకోను.

ఈ ఉత్తరం టపాలో వేయను, నేనే తెచ్చి మీ చేతికిస్తాను. మీ ముందు నోరు తెరిచి ఇవన్నీ చెప్పగలనని నమ్మకం లేదు.

రేపు ఉదయం పోటీ హాలు తెరవకముందే అక్క ఇంటికి వెళ్లి, తెపాయేరు నిజంగా ఏం అడిగిందో చెబుతాను. ఆమె ఏమన్నా విని, తివైవైతో అతియు విమానం ఎక్కుతాను.

ఇట్లు,
తెపాయేరు భర్త, మీ అల్లుడు
నూరోవా