పోలండ్‌లో పూత రాలిన ఏడు

ఏప్రిల్ 29

పోలండ్‌లో వరసగా మూడు రాత్రులు ఫ్రాస్ట్. ఆపిల్ తోటలు పూత మీదున్నాయి. పొద్దుటి నుంచి ఆఫీసులో ఫోన్లు ఆగలేదు.

సాయంత్రం నాన్నతో మాట్లాడాను. ఎందుకంత అలసట అంటే చెప్పాను. మా కంపెనీ యూరప్ నుంచి ఆపిల్స్ తెప్పించి రియాద్‌లో అమ్ముతుంది, ఏ దేశంలో ఎంత కాస్తుందో ముందుగా అంచనా కట్టడం నా పని, పోలండ్ ఒక్కటే యూరప్ పంటలో మూడో వంతు దాకా కాస్తుంది, అందుకే ఇవాళ కంగారు అని. అంటే మందోళ్ల చెట్లు లెక్కబెడ్తవా బిడ్డా, దానికి గూడ పైసలిస్తరా అని నవ్వాడు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. అగ్రికల్చర్ బీయస్సీ అంటే ఏమిటో నాన్నకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

ఏప్రిల్ 30

ఖాదర్ కాక వెంటనే కొనేద్దామంటున్నారు.

ఆయన పూర్తి పేరు అబ్దుల్ ఖాదర్. కొనుగోళ్లన్నీ ఆయనవే. మదనపల్లి టమోటా మార్కెట్ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లయింది. నన్ను ఈ సీట్లోకి తెచ్చింది ఆయనే. మా ఆయన యాదగిరి ఇదే కంపెనీలో కోల్డ్ స్టోర్ మెషీన్లు చూస్తాడు. అతని భార్య చదువుకుందట కదా, రమ్మనండి అని ముదీర్ దగ్గర, అంటే మా మేనేజర్ దగ్గర, ఖాదర్ కాకే మాట వేశారు.

పూత రాలినంత మాత్రాన కాయ తగ్గదు, ఆగుదాం కాకా అన్నాను. పూత రాలినాక ఇంగేముంది పాపా అన్నారు. మదనపల్లిలో ఒగ రాత్రి వాన కొడితే తెల్లారేసరికి బాక్సు రేటు రెండింతలైతాది, నాకు జెప్పేదానివా నువ్వు అన్నారు. నాది జగిత్యాల, మామిడి చూసి పెరిగినదాన్ని అన్నాను. చెట్టంతా పూస్తుంది, నిలిచేది గుప్పెడు. ఆపిల్ కూడా అంతే. రైతే మనుషుల్ని పెట్టి పిందెలు దులిపిస్తాడు. మామిడికాయ పచ్చడికి పనికొస్తాది, యాపారానికి టమోటా లెక్కే లెక్క అన్నారు. పక్కనున్న వాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మే 4

రిపోర్ట్ పంపాను. రాసింది ఇది: యూరప్‌లో ఆపిల్ తోటల విస్తీర్ణం ఏటా తగ్గుతోంది, హెక్టారు దిగుబడి పెరుగుతోంది. పోలండ్‌లో పాత చెట్లు పీకేసి దగ్గర దగ్గరగా కొత్తవి వేస్తున్నారు. ఐడారెడ్ రకం తగ్గుతోంది, గాలా రకం పెరుగుతోంది. కొత్త తోటలు విపరీతంగా పూస్తాయి. పదింట ఒక పువ్వు నిలిచినా పంట నిండుతుంది. జూన్‌లో పిందెలు వాటంతటవే రాలేదాకా పోలండ్ సంగతి ఎవరూ చెప్పలేరు. ఆగస్టు అంచనాలు వచ్చేదాకా కొనకపోవడం మంచిది.

ముదీర్ చదివారో లేదో తెలియదు. ఒక్క ముక్కలో చెప్పమన్నారు, పెరుగుతుందా తగ్గుతుందా అని. ఇప్పుడే చెప్పలేం అన్నాను. ఆయన ఖాదర్ కాక వైపు తిరిగారు. తగ్గుతుంది అన్నారు ఖాదర్ కాక.

మే 6

కాంట్రాక్ట్ అయిపోయింది. అంతా గాలాయే. సైజు ఏదైనా ఒకటే రేటు. చాలా ఎక్కువ రేటు.

జూన్ 19

ఇక్కడి అజీజియా పళ్ల మార్కెట్‌కు వెళ్లొచ్చాను. పొద్దున ఎనిమిదికే ఎండకు కళ్లు తెరవలేకపోయాను. పోయినేటి పోలండ్ సరుకు చివరి పెట్టెలు మెత్తబడి ఉన్నాయి.

మధ్యాహ్నం మామూలుగానే ఖాదర్ కాక టిఫిన్ క్యారియర్ విప్పారు. ఆయన భార్య మేరాజ్ చాచీ నా కోసం విడిగా వంకాయ కూర పంపింది. నేను బీఫ్ తిననని మొదటి రోజే అడిగి తెలుసుకుని, అప్పటి నుంచి రోజూ ఒక డబ్బా. పోలండ్ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఆగస్టు 7

యూరప్ అంచనాలు వచ్చాయి. ఇటలీ, ఫ్రాన్స్ ఎప్పటిలాగే. పోలండ్ పోయినేటి కంటే ఏ కొంచెమో తక్కువ, అంతే. మధ్యాహ్నానికి గాలా రేటు పడిపోయింది. మేం మేలో ఒప్పుకున్న రేటు దీనికంటే బాగా పైన ఉంది.

ఖాదర్ కాక పేపరు చూసి, ఏసీ ఎక్కువైనట్టుంది పాపా, తగ్గించు అన్నారు.

ఆగస్టు 11

ముదీర్ పిలిచారు. తలుపు వేయమన్నారు. ఈ కొనుగోలు ఎందుకు తప్పిందో సెప్టెంబర్ మీటింగ్‌లో నేను చెప్పాలట. అక్టోబర్‌లో ఖాదర్ ఇఖామా, ఇక్కడ ఉండే పర్మిట్, అయిపోతుంది, అరవై దాటాడు, రెన్యూ చేయాలా వద్దా అనేది నీ మాట విన్నాక చూస్తాం అన్నారు. గొంతులో కోపం లేదు. చాయ్ తెప్పించారు.

ఇంటికొచ్చి యాదగిరికి చెప్పాను. గాయనకు అప్పుడు జెప్తె ఇన్లేదు గద, నీదేం తప్పుంది, ఉన్నదున్నట్టు జెప్పు అన్నాడు. ముసలోడు యాడికి వోతడే ఇప్పుడు అని కూడా తనే అన్నాడు.

ఆగస్టు 14, సాయంత్రం 6

మేరాజ్ చాచీ వచ్చింది. ఒక్కతే, టాక్సీలో. ఇదివరకెప్పుడూ అలా రాలేదు. గిన్నెలో షీర్ ఖుర్మా పాయసం తెచ్చింది. పండగ కూడా కాదు.

చాలాసేపు కీళ్ల నొప్పుల గురించి మాట్లాడింది. చిన్న కూతురు ఆశా కడపలో ఫార్మసీ చదువుతోంది, రెండో ఏడు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి అసలు మాట చెప్పింది. మేలో నీ లెక్క కూడా తగ్గుతాదనే వచ్చింది, తర్వాత మారిపోయిందని చెప్పు తల్లీ. అంకెలు మారవా ఏంది. ఎవురిని పట్టుకుంటారు దానికి.

నిజమే, ఎవరూ పట్టుకోరు. మేలో నేను పంపిన రిపోర్ట్‌ను ముదీర్ తెరిచినట్టు లేదు, నోటితో అన్నది ఆయనకు గుర్తుండదు. నా ఉద్యోగం పోదు. లెక్కలన్నాక తప్పుతాయి అనుకుంటారు.

చెప్పను చాచీ అన్నాను. అలా ముక్కు మీద గుద్దినట్టు అనకుండా ఉండాల్సింది. ఆమె గిన్నె తీసుకోకుండా వెళ్లిపోయింది.

ఆగస్టు 15

శుక్రవారం. రోజంతా ఇంట్లోనే. ఎందుకు చెప్పనన్నానో నాకే సరిగా తెలియదు. చదువుతో నాకు వచ్చింది ఆ అంకెలొక్కటే. నగలూ పొలమూ లేవు. వాటిని ఒకసారి వంచితే మళ్లీ ఎవరైనా అడిగినప్పుడు వంచాలి. ఇంతకంటే పెద్ద కారణం దొరకలేదు.

ఆగస్టు 21

మాకు సరుకు పంపే పోలండ్ ప్యాకింగ్ హౌస్ ఆయన తొమాష్‌తో మాట్లాడాను. తోటల్లో కాయలు ఎలా ఉన్నాయని అడిగాను. కొమ్మకు తక్కువున్నాయి కానీ పెద్దవి, ఇంత పెద్ద గాలా ఈ మధ్య చూడలేదు అన్నాడు. ఫ్రాస్ట్‌కు పూత పలచబడింది. నిలిచిన కాయలకు చెట్టు బలమంతా వెళ్లింది. అందుకే సంఖ్య తగ్గినా బరువు తగ్గలేదు.

పెద్ద కాయకు రేటు వేరు. రియాద్ సూపర్‌మార్కెట్లు పెద్దవే అడుగుతాయి. మా కాంట్రాక్ట్‌లో సైజు ఏదైనా ఒకటే రేటు. తొమాష్ కొంచెం బాధగానే చెప్పాడు, మీకు ఇవ్వాల్సింది ఆ పెద్దవే అని. మా తోటలో ఇంకో సైజే లేదు మేడమ్ అన్నాడు.

కూర్చుని లెక్క వేశాను. నష్టం దాదాపు పూడిపోతుంది. మళ్లీ వేశాను. అదే వచ్చింది.

ఆఫీసులో ఎవరూ లేరు. గట్టిగా నవ్వాను.

ఆగస్టు 24

ఖాదర్ కాకకు చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. దువా చేసుకుంటున్నారనుకున్నాను. కళ్లు తెరిచి, నాకు తెలుసులే పాపా అన్నారు. ముప్ఫై ఏండ్ల నుంచి చూస్తాండా, ఫ్రాస్ట్ కొట్టిన ఏడు కాయ పెద్దదవుతాది, అందుకే ఒగటే రేటు రాయించినా అన్నారు.

మేలో ఆ మాట అనలేదు కదా కాకా అన్నాను.

అన్నీ నోటితో చెప్తారా అన్నారు.

మధ్యాహ్నం వంకాయ కూర వచ్చింది. పది రోజుల తర్వాత.

సెప్టెంబర్ 2

మీటింగ్ అయింది. అంతా ఉన్నారు. సేల్స్ వాళ్లు, అకౌంట్స్ హబీబ్, గోడౌన్ నుంచి ఫక్రుద్దీన్. అరబ్బీలో తడబడతానని నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. పంట తగ్గుతుందనుకున్నది తప్పింది, రేటు ఎక్కువ పెట్టాం, కానీ సైజు వల్ల నష్టం పూడుతుంది అని. ముదీర్ కాగితాలు తిప్పారు. మొహం తేలికపడింది. ఖాదర్ కాక నాకేసి చూసి తల ఊపారు. అక్కడితో ఆగిపోయి ఉంటే సరిపోయేది.

సైజు సంగతి ఖాదర్‌కు ముందే తెలుసా అని ముదీర్ అడిగారు. అడిగింది ఖాదర్ కాకను కాదు, నన్ను.

ఆయన నా ఎదురుగా కూర్చుని ఉన్నారు. గ్లాసులో నీళ్లు పోసుకుంటున్నారు.

లేదు, లక్ అన్నాను.

ముదీర్ పకపకా నవ్వారు. మా నాన్న ఎప్పుడూ అదృష్టం ఉన్నవాణ్ణే పనిలో పెట్టుకునేవాడు, తెలివైనవాడు జీతం పెంచమంటాడు అన్నారు. ఇఖామా రెన్యూ చేయమని అక్కడికక్కడే చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. హబీబ్ ఖాదర్ కాక వీపు తట్టి, భాయ్, మా ఆవిడకు లాటరీ నంబర్ నువ్వే చెప్పాలి అన్నాడు.

ఖాదర్ కాక కూడా నవ్వారు. నీళ్లు తాగలేదు.

సెప్టెంబర్ 7

పాకిస్తానీ డ్రైవర్లు ఆయన్ను నసీబ్‌వాలా, అదృష్టవంతుడు, అని పిలుస్తున్నారు. ప్రేమగానే. ట్రక్కు బయల్దేరేముందు ఒకతను ఆయన చెయ్యి తీసుకుని స్టీరింగ్‌కు తాకించాడట. యాదగిరి నవ్వుతూ చెప్పి, నా మొహం చూసి ఆపేశాడు.

క్యారియర్ మీటింగ్ మర్నాటి నుంచి రావడం లేదు. ఖాదర్ కాక కిందికి వెళ్లి గోడౌన్‌లో తింటున్నారు.

సెప్టెంబర్ 16

ఆయనే ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రాకుండా వెళ్లిపోయే వీసా, అడిగారు. రెన్యూ వద్దన్నారు. ముదీర్ నమ్మలేదు, జీతం పెంచుతానన్నారు. ఆయన ఒప్పుకోలేదు.

సాయంత్రం లిఫ్ట్ దగ్గర పట్టుకున్నాను. ఎందుకు కాకా, ఉండమంటున్నారు కదా అన్నాను. ఉండమన్నారు పాపా, తాయెత్తును కూడా ఉంచుకుంటారు అన్నారు. లిఫ్ట్ వచ్చింది. నువ్వు అబద్ధం చెప్పలేదులే అని కూడా అన్నారు. మామూలు గొంతుతోనే.

సెప్టెంబర్ 17

మేరాజ్ చాచీకి ఫోన్ చేశాను. తీసింది. తెలుసు అనుంటే నీదేం పోయేది తల్లీ అని ఒక్కటే అడిగింది. ఆశా ఫీజు ఎట్లా చాచీ అన్నాను. అది మేం చూసుకుంటాం అంది.

అక్టోబర్ 10

వెళ్లిపోయారు. ఎయిర్‌పోర్ట్‌కు యాదగిరి బండిలో దింపాడు. నేను రానా అంటే, వద్దన్నాడు గాయన అన్నాడు. దారిలో ఏం మాట్లాడారని అడిగాను. టమోటా రేటు గురించి. మదనపల్లి మార్కెట్‌లో మండీ పెడతాడట, ఈ ఏడు టమోటా పెరుగుతుందని ఖాయంగా చెప్పాడట.

ఆయన సీటు నాకిచ్చారు. కిటికీ పక్కన.

నవంబర్ 18

అల్ ఖర్జ్ రోడ్డులోని కోల్డ్ స్టోర్‌లో మొదటి కంటైనర్ విప్పారు. కాయలు గుప్పిట పట్టనంత ఉన్నాయి. జిద్దా నుంచి వచ్చిన సూపర్‌మార్కెట్ ఆయన ఒకటి తీసి తూకం చూసినట్టు ఎగరేసి, ఇలాంటివి వస్తాయని మేలోనే తెలిసిన మనిషి ఎవరు అని అడిగాడు. ముదీర్ నా వైపు చూశారు.

అబ్దుల్ ఖాదర్‌కు తెలుసు అన్నాను.

అరబ్బీలో అన్నాను. ఎక్కడా తడబడలేదు.